ఫెయిల్ చేయండి, డ్రాప్ మాత్రం చేయొద్దు

"మేడమ్, ఎఫ్ ఇచ్చినా పర్లేదు. క్లాసులోంచి మాత్రం డ్రాప్ చేయకండి."

పోయిన ఏడాది అక్టోబరులో ఒక విద్యార్థి నా ఆఫీసు గుమ్మంలో నిలబడి అన్న మాట ఇది. లోపలికొచ్చి కూర్చోమన్నా కూర్చోలేదు. నేను టెక్సాస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెబుతాను. మార్కులు కలపమని అడిగినవాళ్లు, గడువు పెంచమని బతిమాలినవాళ్లు నాకు కొత్త కాదు. ఫెయిల్ చేసినా ఫర్వాలేదని చెప్పుకోవడానికి వచ్చిన మనిషిని అదే మొదటిసారి చూడటం.

అతను ఎనిమిదేళ్లు ఆర్మీలో చేసి బయటికొచ్చాడు. క్లాసులో ఎప్పుడూ తలుపు పక్కన, వీపు గోడకు ఆనే చోట కూర్చుంటాడు. సెప్టెంబరు మధ్య దాకా ఒక్క హోంవర్క్ కూడా ఆలస్యం చేయలేదు. ఆ తర్వాత రావడం తగ్గింది. వచ్చిన రోజు కూడా నోట్‌బుక్ తెరవకుండా బోర్డు వైపు అలా చూస్తూ ఉండిపోయేవాడు. నిద్ర పట్టడం లేదన్నాడు. రాత్రికి రెండు గంటలు పడుకుంటే ఎక్కువట. కొన్ని వారాలపాటు ఆస్పత్రిలోనే ఉండి చికిత్స తీసుకోమని డాక్టరు చెప్పారట. "డిసెంబరు అయ్యాక వెళ్తాను" అన్నాడు.

"అప్పటిదాకా ఎందుకు? రెండు కోర్సులు వదిలేసి, మిగతా రెండూ నెమ్మదిగా చదువుకో. నీ ఆరోగ్యం ముందు" అన్నాను.

"రెండు వదిలేస్తే అద్దె కట్టలేను మేడమ్. ఇద్దరు పిల్లలు."

చదువుకోవడానికి ప్రభుత్వం ఇస్తున్న సాయం, ఒక మనిషి చికిత్సకు వెళ్లకుండా ఎలా అడ్డుపడుతుంది? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ వారమంతా కూర్చుని నిబంధనలు చదివాను. చదివేకొద్దీ నాలో ఒక అభిప్రాయం గట్టిపడుతూ వచ్చింది. మాజీ సైనికులకిచ్చే ఈ సాయం పేరు జీఐ బిల్లు. దాన్ని చదువు పథకమని రాసుకున్నారు కానీ, దాన్ని వాడుకునేవాళ్ల బతుకుల్లో అది చేసే పని ఆరోగ్య పథకం పని. ఆ సంగతి ఒప్పుకోకుండా నిబంధనలు రాయడం వల్ల, మనిషికి ఒంట్లో బాగాలేని నెలలోనే ఆ సాయం చేయి వదిలేస్తోంది.

పన్నెండు నుంచి ఆరు

జీఐ బిల్లు అంటే ఫీజు కట్టే పథకమనే నేనూ అనుకునేదాన్ని. 2009 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న పోస్ట్ 9/11 జీఐ బిల్లు కింద 36 నెలల చదువుకు ఫీజు వస్తుంది, పుస్తకాలకు ఏడాదికి 1,000 డాలర్ల వరకు వస్తుంది. కానీ ఇల్లు నడిచేది మూడోదానితో, అంటే హౌసింగ్ అలవెన్సుతో. కాలేజీ ఉన్న జిప్ కోడ్‌లో, కుటుంబం ఉన్న ఈ-5 ర్యాంకు సైనికుడికి ఇంటి భత్యం ఎంత ఇస్తారో దాన్నిబట్టి అది లెక్కగడతారు. మా రాష్ట్రంలో హేజిల్‌వుడ్ చట్టం ఉంది. అర్హత ఉన్న మాజీ సైనికులకు ప్రభుత్వ కాలేజీల్లో 150 క్రెడిట్ గంటల వరకు ఫీజు మాఫీ చేస్తుంది. కాబట్టి నా క్లాసులో కూర్చునేవాళ్లకు ఫీజు గురించి భయం తక్కువ. అద్దె మాఫీ చేసే చట్టం మాత్రం ఏదీ లేదు.

ఆ అలవెన్సు రావాలంటే ఫుల్‌టైమ్ చదువులో సగం కంటే ఎక్కువ కోర్సుల భారం మోయాలి. సరిగ్గా సగం చాలదు. 12 క్రెడిట్లు ఫుల్‌టైమ్ అనుకుంటే, ఒక కోర్సు వదిలి 9కి దిగినవాడికి 80 శాతం అలవెన్సు వస్తుంది. ఇంకొకటి వదిలి 6కి దిగితే సున్నా. ఒక మెట్టు దిగబోయి నేరుగా వీధిలో పడటమే.

దానికితోడు, కోర్సు మధ్యలో వదిలేసి గ్రేడు బదులు డబ్ల్యూ (విత్‌డ్రా) పడితే, దానికోసం అప్పటిదాకా ఇచ్చిన డబ్బు వెనక్కి కట్టమనే నోటీసు రావచ్చు. మొదటిసారి 6 క్రెడిట్ల వరకు కారణం అడగకుండా వదిలేస్తారు. అతను ఆ అవకాశాన్ని అంతకుముందే వాడేసుకున్నాడు. ఆ తర్వాత నుంచి కారణం చూపించాలి. జబ్బు చెల్లే కారణమే, కాగితాలు పెట్టి ఒప్పించగలిగితే పాత డబ్బు అడగరు. కానీ ఆ రోజు నుంచి రావాల్సిన అలవెన్సు మాత్రం రాదు.

ఎఫ్ సంగతి వేరు. చివరిదాకా క్లాసుకొచ్చి, పరీక్ష రాసి ఫెయిలైతే అది చదివి తెచ్చుకున్న గ్రేడు కిందే లెక్క. దానికి డబ్బు వెనక్కి అడగరు. అంటే నిద్రలేక, తల పనిచేయక, చికిత్స అవసరమైన మనిషికి ఆస్పత్రిలో చేరడం కంటే నా క్లాసులో కూర్చుని ఫెయిలవడమే క్షేమం. అతను ఆ లెక్క నాకంటే ముందే, నాకంటే సరిగ్గా వేసుకుని వచ్చాడు.

ఎవరో పగబట్టి ఇలా రాశారని నేననను. ప్రజల డబ్బు తీసుకుని, పేరుకు చేరి, చదువు మానేసేవాళ్లను ఆపడానికి పెట్టిన నిబంధన ఇది. ఆ ఉద్దేశంలో తప్పేమీ లేదు. కానీ మానేసినవాడినీ, మంచాన పడినవాడినీ ఒకే వరుసలో నిలబెడుతోంది.

ఒకప్పుడు ఒకే చట్టం

మొదటి జీఐ బిల్లు మీద అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1944 జూన్ 22న సంతకం చేశారు. దాని అసలు పేరులో చదువు అన్న మాటే లేదు. సైనికులు తిరిగి మామూలు జీవితంలో కుదురుకోవడం గురించిన చట్టం అది. మొదటి భాగంలో ఆస్పత్రులు కట్టడానికి 50 కోట్ల డాలర్ల దాకా అనుమతి ఉంది. రెండో భాగంలో చదువు ఉంది: ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు, ఒంటరివాళ్లకు నెలకు 50 డాలర్లు, కుటుంబం ఉన్నవాళ్లకు 75. ఆ తర్వాత ఇంటి అప్పులు, ఉద్యోగం దొరికేదాకా, 52 వారాలకు మించకుండా, వారానికి 20 డాలర్ల భృతి. ఆస్పత్రి, బడి, ఇల్లు, తిండి అన్నీ ఒకే కాగితం మీద ఉన్నాయి. సుమారు 78 లక్షల మంది ఆ చట్టం కింద కాలేజీకో శిక్షణకో వెళ్లారు.

ఆ చట్టాన్ని దేవుడిలా చూడక్కర్లేదు. కాగితం మీద అందరికీ ఒకటే అయినా, అమలు స్థానికుల చేతుల్లో ఉండటంతో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులకు చాలాచోట్ల తలుపులు మూసేశారు. కానీ యుద్ధం నుంచి వచ్చిన మనిషిని ముక్కలు చేయకుండా ఒక మనిషిగా చూడాలన్న ఆలోచన మాత్రం అందులో ఉంది.

ఇప్పుడు మాజీ సైనికుల వ్యవహారాలు చూసే శాఖ వీఏలో ఆస్పత్రులు చూసే విభాగం వేరు, చదువూ పరిహారమూ చూసే విభాగం వేరు. ఒకే శాఖ, రెండు తలుపులు. ఒక తలుపు లోపల డాక్టరు విశ్రాంతి తీసుకోమంటారు. రెండో తలుపు లోపల క్రెడిట్లు లెక్కపెడతారు. రెండు మాటలూ ఒకే మనిషికి చేరతాయి, సర్దుకోవాల్సింది అతనే.

డిగ్రీ కాదు, తెల్లవారి లేవడం

చదువుకున్నవాళ్లు ఎక్కువ కాలం ఆరోగ్యంగా బతుకుతారని ఎన్నో దేశాల్లో ఎంతోమంది లెక్కలు తీశారు. ఆ లాభమంతా పట్టా చేతికొచ్చాక, మంచి ఉద్యోగం వచ్చాక మొదలవుతుందని అనుకుంటాం. నా క్లాసులో నాకు కనిపించింది అది కాదు. మొదటి సెమిస్టరు నుంచే ఏదో జరుగుతుంది. అద్దె కట్టేశామన్న ధీమా, పొద్దున ఎనిమిదింటికి ఒకచోట ఉండాలన్న నియమం, రాకపోతే ఎందుకు రాలేదని అడిగే ఒక మనిషి.

సైన్యం వదిలిన మొదటి ఏడాది మానసికంగా చాలా ప్రమాదకరమైనదని ప్రభుత్వానికీ తెలుసు. 2018 జనవరిలో ఆ మొదటి 12 నెలలకు మానసిక వైద్యం అందేలా చూడమని అధ్యక్షుడి ఉత్తర్వు కూడా వచ్చింది. ఆ ఏడాదిలోనే చాలామంది నాలాంటివాళ్ల క్లాసుల్లో కూర్చుని ఉంటారు. నిన్నటిదాకా ఎప్పుడు లేవాలో, ఏం వేసుకోవాలో, ఎవరి పక్కన నిలబడాలో చెప్పే వ్యవస్థలో ఉన్న మనిషి, ఒక్కసారిగా ఏమీ చెప్పని అపార్ట్‌మెంట్‌లో పడతాడు. కాలేజీ టైమ్‌టేబుల్ అతనికి పట్టుకోవడానికి దొరికే కొమ్మ.

రెండేళ్ల కిందటి మాట. ఎయిర్‌ఫోర్స్‌లో విమానాల మెకానిక్‌గా చేసిన ఒక అమ్మాయి నా క్లాసులో ఉండేది. ప్రొజెక్టర్ పెట్టగానే ముఖం మారిపోయేది. ఆమె చెవుల్లో ఎప్పుడూ ఒక ఈల మోగుతూ ఉంటుందట. ప్రొజెక్టర్ ఫ్యాను చప్పుడుతో కలిస్తే నా మాట ఒక్కటీ వినపడదట. మాజీ సైనికులకు వీఏ పరిహారం ఇచ్చే సమస్యల్లో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్నది ఈ చెవిలో మోతే. అయినా ఆమె పరీక్ష చేయించుకోలేదు, కాలేజీలో వికలాంగుల సేవల ఆఫీసుకూ వెళ్లలేదు. "నాకంటే అవసరమున్నవాళ్ల కోసం అది" అంది. చివరికి ఆమెను పరీక్షకు తీసుకెళ్లింది డాక్టరూ కాదు, నేనూ కాదు. కాలేజీలో మాజీ సైనికుల కోసం ఒక గది ఉంది, నాలుగు సోఫాలు, ఒక కాఫీ మెషీను. అక్కడ రోజూ కలిసే ఇంకో మెకానిక్, తన చెవులకున్న మెషీన్లు తీసి చూపించి, మర్నాడు తనే కారులో తీసుకెళ్లాడు. ఆ గదికి ఆమె వచ్చింది కాలేజీలో ఉంది కాబట్టి. కాలేజీలో ఉంది అద్దె వస్తోంది కాబట్టి. ఆస్పత్రి దాకా వేసిన దారిలో మొదటి రాయి ఆ హౌసింగ్ అలవెన్సే.

వీఏ ఆస్పత్రుల వైపు వాళ్లకూ ఈ సంగతి తెలియకపోలేదు. వైటల్ అనే కార్యక్రమం కింద కొన్ని కాలేజీలకు వైద్య సిబ్బందిని పంపిస్తున్నారు. జబ్బు చేసిన విద్యార్థిని వెతుక్కుంటూ క్యాంపస్‌కు వస్తున్నవాళ్లు, అతను క్యాంపస్‌లో నిలవడానికి కావలసిన డబ్బు గురించి ఏమీ చేయలేరు. అది ఇంకో తలుపు.

ఒక్క క్లాసు కోసం

నా వాదనలో నాకే ఇబ్బందిగా ఉన్న చోటు ఒకటుంది.

కోర్సులన్నీ ఆన్‌లైన్‌లోనే తీసుకుంటే హౌసింగ్ అలవెన్సు దేశ సగటులో సగమే వస్తుంది. కనీసం ఒక్క క్లాసుకైనా మనిషి నేరుగా వస్తే స్థానిక రేటు లెక్కన వస్తుంది. జనం మధ్య కూర్చోలేనివాళ్లకు, తలుపు చప్పుడుకే ఉలిక్కిపడేవాళ్లకు ఇది అన్యాయమని నేను మొదట్లో గట్టిగా అనుకున్నాను. పీటీఎస్‌డీ, అంటే భయానక అనుభవాలు మనసులో మిగిల్చిన జబ్బు, ఉన్నందుకు సగం అద్దె కోత పెట్టడమే కదా ఇది అని కోపమొచ్చింది.

తర్వాత ఆ నిబంధన వల్లే నా క్లాసుకు వచ్చిన ఒకాయనతో మాట్లాడాను. నలభై దాటినవాడు. మిగతా మూడు కోర్సులూ ఆన్‌లైన్. "మీ క్లాసు లేకపోతే వారానికి ఒక్కసారి కూడా బూట్లు వేసుకోను మేడమ్" అన్నాడు. మంగళ, గురువారాలు పొద్దున గడ్డం గీసుకుంటాడట, ఆ రెండు రోజులు భార్య కూడా నిశ్చింతగా పనికి వెళ్తుందట. ఆ మాట విన్నాక నా కోపం ఏమైపోయిందో చెప్పలేను. డబ్బు ఆశ చూపి మనిషిని గడప దాటించడం వైద్యమా, బలవంతమా? అతనికి వైద్యమైంది. పోయిన అక్టోబరు మనిషికి బలవంతమైంది. రెండూ నా కళ్లతో చూశాను. ఇద్దరికీ ఒకే నిబంధన సరిపోదని మాత్రం చెప్పగలను. మొదటివాడికి కావలసింది కాస్త నెట్టే చెయ్యి, రెండోవాడికి కావలసింది కాస్త ఆగే చెయ్యి. ఎవరికి ఏది కావాలో డాక్టరుకు తెలుస్తుంది, క్రెడిట్లు లెక్కపెట్టే పట్టికకు తెలియదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లే వస్తారేమో

ఈ మధ్య ఒక స్నేహితురాలి ఇంట్లో పదిమంది కలిసినప్పుడు ఈ సంగతి ఎత్తాను. ఒకాయన వెంటనే అడిగారు: "ఫీజు ఇస్తున్నారు, అద్దె ఇస్తున్నారు, ఆస్పత్రి ఉంది. మన పిల్లల చదువుకు మనం అప్పులు చేస్తున్నాం. వీళ్లకు ఇంకేం కావాలండీ?" ఆయన దురుసుగా అనలేదు, నిజంగానే అడిగారు. నేను అడుగుతున్నది ఇంకో డాలరు కాదని చెప్పాను. అదే 36 నెలలు, అదే మొత్తం. జబ్బు చేసినప్పుడు దాన్ని నెమ్మదిగా వాడుకోనివ్వమని అడుగుతున్నాను.

ఇంకొకరు వేసిన ప్రశ్నకు అంత తేలిగ్గా జవాబు దొరకలేదు. కాలేజీకి రాగలిగినవాళ్లు ముందే కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కదా, వాళ్లు బాగుపడటాన్ని పథకం ఖాతాలో ఎలా వేస్తావు అన్నారు. నిజమే. సైన్యంలో చేరేటప్పుడే ఆరోగ్యవంతులను ఏరుకుంటారు, వాళ్లలో కాలేజీ గుమ్మం దాకా వచ్చేవాళ్లు ఇంకా గట్టివాళ్లు. రెండో ప్రపంచ యుద్ధపు తరం గురించి మాట్లాడేటప్పుడు ఇంకో చిక్కు. చదువు ఇచ్చిన ఆ ప్రభుత్వమే ఆహారపు పొట్లాల్లో సిగరెట్లు కూడా పెట్టి ఇచ్చింది, 1975 దాకా మానలేదు. ఏ మేలు దేనివల్ల, ఏ కీడు దేనివల్ల అని ఆ తరం ఆయుష్షులోంచి విడదీయడం తేలిక కాదు. అందుకే డిగ్రీ ఆయుష్షు పెంచుతుందన్న వాదన నేను చేయడం లేదు. అద్దె ఆగిపోతే చికిత్స ఆగిపోతుందంటున్నాను. దీనికి ముప్పై ఏళ్ల లెక్కలు అక్కర్లేదు, ఒక్క సెమిస్టరు చాలు.

2018లో అలాంటి సెమిస్టరు ఒకటి వచ్చింది. కొత్త నిబంధనలకు తగ్గట్టు కంప్యూటర్ వ్యవస్థ సిద్ధం కాక, దేశమంతటా వేలమందికి హౌసింగ్ అలవెన్సు ఆలస్యమైంది. ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందేమోనన్న భయం అప్పట్లో కాంగ్రెస్ కమిటీల ముందుకూ వెళ్లింది. ఆ టెన్షన్ అప్పుడు అందరికీ ఒకేసారి వచ్చింది కాబట్టి వార్త అయింది. డిసెంబరు, జనవరి నెలల్లో సెమిస్టర్ల మధ్య సెలవుల రోజులకు అలవెన్సు రాదు. ఆ కోత ప్రతి ఏడాదీ ఉంటుంది, ఎవరింట్లో వాళ్లే పడతారు.

డిశ్చార్జి కాగితం మీద ఒక మాట

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఈ నిబంధన. పోస్ట్ 9/11 జీఐ బిల్లు కావాలంటే, సైన్యం నుంచి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి 'ఆనరబుల్' (గౌరవప్రదం) అయి ఉండాలి. ఒక మెట్టు కింద 'జనరల్' అని ఉంటుంది. అది ఉన్నవాళ్లకు వీఏ ఆస్పత్రి తలుపు తెరిచే ఉంటుంది, చదువు తలుపు మూసి ఉంటుంది. ఆస్పత్రి అవసరానికి ఇచ్చేది, చదువు బహుమతిగా ఇచ్చేది అన్న ఆలోచన ఇక్కడ పచ్చిగా బయటపడుతుంది.

2011 నుంచి 2015 ఆర్థిక సంవత్సరాల మధ్య క్రమశిక్షణ తప్పారని సైన్యం బయటికి పంపిన 91,764 మంది రికార్డులను అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏఓ పరిశీలించి 2017లో నివేదిక ఇచ్చింది. అందులో 62 శాతం మందికి, పంపేయడానికి ముందు రెండేళ్లలోనే పీటీఎస్‌డీ, తలకు దెబ్బ, తాగుడు, సర్దుకోలేకపోవడం వంటి ఏదో ఒక సమస్య ఉన్నట్టు వైద్యులు రాసిన రికార్డు ఉంది. జబ్బు వల్లే తప్పు చేశారని ఆ అంకె రుజువు చేయదు, ఆ నివేదిక కూడా అలా అనలేదు. కానీ జబ్బు ఉన్నవాళ్లే ఎక్కువగా చదువు సాయానికి దూరమవుతున్నారన్న సంగతి దాచలేనిది. దాన్ని బహుమతిగా చూసినంతకాలం ఇది సబబుగానే కనిపిస్తుంది. వైద్యంలో భాగంగా చూస్తే మాత్రం, ఎక్కువ దెబ్బలు తగిలినవాడికే కట్టు కట్టనన్నట్టుంది.

దారి ఉంది, పక్క గదిలో

నేను కోరుతున్న ఏర్పాటు కొత్తది కాదు. చాప్టర్ 31 అని వీఏలోనే ఇంకో పథకం ఉంది. సర్వీసు వల్ల వచ్చిన వైకల్యం కనీసం 10 శాతమని గుర్తింపు ఉండి, దానివల్ల ఉద్యోగానికి ఇబ్బంది పడుతున్నవాళ్ల కోసం. అందులో కౌన్సెలర్ ఉంటారు. జబ్బు వల్ల మనిషి పూర్తి భారం మోయలేడని వైద్యులు చెబితే, అతను మోయగలిగినదాన్నే పూర్తి భారంగా లెక్కగట్టే నిబంధన ఉంది. ఆరు క్రెడిట్లు చదివే మనిషిని సోమరి అనకుండా, ఇప్పుడు అతనికి అది పన్నెండుతో సమానమని ఒప్పుకునే నిబంధన. 2017లో చట్టం మార్చి, 2013 జనవరి 1 నుంచి బయటికొచ్చినవాళ్లకు జీఐ బిల్లు 15 ఏళ్లలో వాడుకోవాలన్న గడువు తీసేశారు. ముందు కోలుకుని తర్వాత చదువుకునే వెసులుబాటు ఆ మేరకు వచ్చినట్టే. గడువు విషయంలో ఒప్పుకున్నదాన్ని సెమిస్టరు మధ్యలో కూడా ఒప్పుకోమనే నేను కోరేది. డాక్టరు కాగితం ఉంటే, చికిత్స జరిగే ఆ కొన్ని వారాలు అలవెన్సు ఆగకూడదు. అతనికున్న 36 నెలల్లోంచే తీసుకోండి.

ఆ విద్యార్థి డిసెంబరు దాకా నా క్లాసులో కూర్చున్నాడు. చివరి పరీక్షకూ వచ్చాడు, మొదటి రెండు ప్రశ్నలు రాసి ఆపేశాడు. నేను ఎఫ్ వేశాను. జనవరిలో ఆస్పత్రిలో చేరాడు, వేసవిలో చాప్టర్ 31 వచ్చింది, ఆగస్టులో రెండు కోర్సులతో తిరిగొచ్చాడు. ఇప్పుడు రాత్రి ఐదు గంటలు నిద్రపోతున్నానని చెప్పాడు.

ఆ ఎఫ్ నాకు కళ్లలో నలకలా ఉండిపోయింది. యూనివర్సిటీకి మారేటప్పుడు ట్రాన్‌స్క్రిప్టులో అడ్డొస్తుంది. మా రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగాను. వైద్య కాగితాలు పెడితే వెనకటి తేదీతో డబ్ల్యూగా మార్చొచ్చన్నారు. కానీ మారిస్తే ఆ మార్పు వీఏకు తెలియజేయాలి, ఆ సెమిస్టరు లెక్క మళ్లీ తెరుస్తారు, జబ్బు కారణాన్ని వాళ్లు ఒప్పుకోకపోతే డబ్బు వెనక్కి కట్టాల్సి రావచ్చు. అతనికి ఫోన్ చేసి అంతా వివరంగా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఉండనివ్వండి మేడమ్" అన్నాడు.